బరువు తగ్గకూడదు

మా ఆడపడుచు రుబీనా ఏం తింటోందో మా ఇంట్లో అందరూ చూసేవాళ్ళు. అన్నం రెండోసారి పెట్టుకోబోతే మా అత్తయ్య నాగూర్ బీ గిన్నె మీద మూత పెట్టేది. కోడికూర వండిన రోజున మా ఆయన జిలానీ, "ముక్కలు తిన్నావుగా, ఇంక పులుసెందుకే నీకు" అని నవ్వుతూనే గిన్నె ఇవతలకి లాక్కునేవాడు. రుబీనా గోడవైపు తిరిగి కూర్చుని గబగబా తినేసి, లేచి వెళ్ళి కంచం కడుక్కునేది. ముప్ఫై దాటిన మనిషి. గుడివాడ అవతల రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో అకౌంట్సు చూస్తుంది. బందరు నుంచి రోజూ పాసింజరు రైల్లో వెళ్ళొస్తుంది. ఇంట్లో ఫ్రిజ్జు, కుట్టుమిషను, మా పిల్లల ఫీజులు అన్నింట్లోనూ ఆమె జీతం ఉంది. అయినా కంచం ముందు కూర్చుంటే మాత్రం పిలవని పేరంటానికి వచ్చినదానిలా ఉండేది.

ఫిబ్రవరి మొదట్లో ఆమెను విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. అప్పటికి స్టేషన్లో వంతెన మెట్లెక్కలేక రైళ్ళు తప్పిపోతున్నాయి. మోకాళ్ళు వాచిపోయేవి. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆమె నిద్ర. గోడ అవతల నుంచి గురక వినబడుతూ వినబడుతూ ఠక్కున ఆగిపోయేది. మళ్ళీ మొదలయ్యేదాకా నేను కూడా ఊపిరి బిగబట్టుకుని ఉండేదాన్ని.

డాక్టరుగారు ఆమెతో మర్యాదగా మాట్లాడారు. "ఇది మీ తప్పు కాదమ్మా, జబ్బు" అన్నారు. ఆ మాట ఆమెతో అన్న మొదటి మనిషి ఆయనే. పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంటే మంచిదన్నారు. రుబీనా బయటికొచ్చి వరండాలో కుర్చీ మీద కూర్చుంది. కుర్చీ చేతులకి మధ్య పట్టక కాస్త పక్కకి వాలి కూర్చుంది. "వదినా, ఆయన జబ్బన్నాడు, విన్నావుగా? ఇంట్లో నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మరు" అంది.

కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఇన్సూరెన్సు పాలసీని నేను మొదటి నుంచి చివరిదాకా చదివాను. పచారీ కొట్టు చీటీ కూడా రెండుసార్లు చూస్తానని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చదివింది బీకామే అయినా ఇంగ్లీషు వాక్యం ఎక్కడ మెలిక తిరుగుతుందో నాకు కనబడుతుంది. స్థూలకాయానికి చేసే ఆపరేషన్ కూడా బీమా కిందికి రావాల్సిందేనని అందులో ఉంది. ఎత్తుకీ బరువుకీ లెక్క కడితే వచ్చే అంకె నలభైకి తగ్గకూడదు. నలభై లేకపోతే కనీసం ముప్ఫై అయిదు ఉండి, దానికి తోడు షుగరు అదుపు తప్పి ఉండాలి, లేదా నిద్రలో ఊపిరి ఆగడం తీవ్రంగా ఉండాలి. రుబీనాకి షుగరుంది. కానీ వేళకి మాత్రలు వేసుకుని అదుపులో పెట్టుకుంది. నిద్ర పరీక్షలో తీవ్రం అని రాలేదు, ఓ మోస్తరు అని వచ్చింది. అంకె మాత్రం దాదాపు నలభై రెండు.

"పాసయ్యాను వదినా. జన్మలో మొదటిసారి నా లావు నాకు పనికొచ్చింది" అంది.

మాది ఇనుగుదురుపేట. ముందు పరుపుల కొట్టు, వెనక ఇల్లు. మేం దూదేకుల వాళ్ళం. దూది ఏకడం మిషను మీదకి మారిపోయింది గానీ పరుపు కుట్టడం మాత్రం ఇప్పటికీ మా అత్తయ్య చేతిమీదే. ఆ సాయంత్రం ఆమె కొట్లో నేలమీద పరుపు పరుచుకుని, జానెడు సూదితో ముడులు వేస్తోంది. నేను విషయం చెప్పాను.

"కడుపు కోయించుకోవడమేంటే?" అంది కూతురితో. "నోరు కట్టుకుంటే పోయేదానికి!"

"చిన్నప్పట్నుంచీ నా నోరు నువ్వే కట్టావుగా అమ్మా. తగ్గానా?" అంది రుబీనా.

అత్తయ్య సూది ఆపింది. మా ఆయన కల్పించుకున్నాడు. "అది సరే, లావుకి కూడా ఇన్సూరెన్సు వాళ్ళిస్తారా? నువ్వు సరిగ్గా చదివావా?"

"ఇవ్వాలని రూలుంది. వాళ్ళ దయ కాదు" అన్నాను.

"అయితే రేపే చేయించేద్దాం. మళ్ళీ ఆ కంపెనీ ఉంటుందో ఊడుతుందో" అన్నాడు. ఆ భయం మా అందరికీ ఉంది. అమెరికా వాళ్ళు సుంకాలు పెంచినప్పటి నుంచి రొయ్యలు కొనేవాళ్ళు లేరు, చెరువులు ఎండబెట్టుకుంటున్నారు. చెరువు లేనివాడికి మేతెందుకు? అప్పటికే కంపెనీలో కొందర్ని ఇంటికి పంపేశారు. ఉద్యోగం పోతే ఆ రోజుతోనే బీమా కూడా పోతుంది. సొంతంగా చేయించాలంటే కొట్టు అమ్ముకోవాలి.

"రంజాన్ అయ్యాక చేయించుకుంటాను" అంది రుబీనా.

"నెల పైన ఆగడం దేనికి?" అన్నాడు మా ఆయన.

"ఆపరేషన్ అయ్యాక గుక్క గుక్కగా నీళ్ళు, కొంచెం కొంచెంగా తిండి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కపొద్దు ఉండడం కుదురుతుందో లేదో చెప్పలేమన్నారు. ఈ ఒక్కసారి నెలంతా ఉంటాను."

"జబ్బు మనిషికి మాఫీ ఉందే" అంది అత్తయ్య.

"మాఫీ ఉందని నాకూ తెలుసు. ఆఖరిసారి కదా."

డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన కూడా అభ్యంతరం చెప్పలేదు. షుగరు మాత్రలు ఏ వేళకి మార్చుకోవాలో చెప్పి, "ఆపరేషన్‌కి ముందు కాస్త తగ్గితే మాకూ తేలికే" అన్నారు. అందువల్ల మాలో ఎవరికీ వేరే ఆలోచన రాలేదు.

మర్నాడు బట్టలు ఆరేస్తున్నప్పుడు అడిగాను, అంత పట్టుదల దేనికని. రుబీనా దుప్పటి రెండో కొస పట్టుకుని దులిపింది. "ఆ నెల్లో అందరం ఒకేసారి ఆకలితో ఉంటాం, ఒకేసారి తింటాం వదినా. అప్పుడు నేనొక్కదాన్నే తింటున్నట్టు ఉండదు" అంది.

ఆ రంజాన్ మా ఇంట్లో బాగా జరిగింది. సాయంత్రం నేలమీద గుడ్డ పరిచి, మసీదు నుంచి మా ఆయన తెచ్చిన గంజి గిన్నెల్లో పోసి, ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు పెట్టుకుని అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. రుబీనా గుడివాడ నుంచి సరిగ్గా వేళకి వచ్చి, మొహం కడుక్కుని మా మధ్యలో కూర్చునేది. గోడవైపు కాదు. బజ్జీలు, సమోసాలు ముట్టేది కాదు. గంజి, పండ్లు, కాస్త అన్నం, అంతే. మా పిల్లలు ఆమె వాటా బజ్జీల కోసం కొట్టుకునేవాళ్ళు. మా అత్తయ్య ఏ గిన్నె మీదా మూత పెట్టాల్సిన అవసరం రాలేదు.

నెల సగం గడిచేసరికి ఆమె వేసుకునే కుర్తాలు వదులయ్యాయి. అత్తయ్య ఒకదాన్ని పక్కన పట్టుకుని లాగి చూసి, "అల్హమ్‌దులిల్లాహ్! రెండు వేళ్ళు లోపలికి కుట్టొచ్చే" అంది. అప్పటికప్పుడు ఆ కుర్తా విప్పించి మిషను దగ్గరికి తీసుకుపోయింది. ఎదురింటి ఆనందమ్మగారు గేటు దగ్గర ఆపి, "ఏం తింటున్నావే రుబీనా, మొహం తేటగా వచ్చింది, మాకూ చెప్పు" అని అడిగారు.

"ఏమీ తినట్లేదండి. అదే కిటుకు" అంది రుబీనా. ఇద్దరూ పగలబడి నవ్వారు.

పండగనాడు కొత్త బట్టలు కట్టుకుని నా ముందు ఒకసారి గుండ్రంగా తిరిగింది. "స్టేషన్లో మెట్లు ఆగకుండా ఎక్కాను వదినా మొన్న" అంది. నేను సేమ్యా పాయసం గిన్నె చేతికిచ్చాను. నాలుగు చెంచాలు తిని మిగతాది మా చిన్నదానికిచ్చేసింది.

పండగైన వారానికి ఆసుపత్రికి వెళ్ళాం. బరువు చూశారు, రక్తం తీశారు, కాగితాలన్నీ బీమా కంపెనీకి పంపారు. ఆ పని చూసే డెస్కు కింద అంతస్తులో ఉంది. అక్కడ కూర్చునే సుధాకర్ అనే అబ్బాయి మంచివాడే, కుర్చీలు చూపించి, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. కంప్యూటరు వంకే చూస్తూ అన్నాడు, "రిజెక్ట్ చేశారండి."

"ఎందుకు?"

"మేడమ్ గారిది ముప్ఫై తొమ్మిది చిల్లర ఉందండి. నలభై ఉండాలి."

నాకు వెంటనే అర్థమైంది. రుబీనాకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అదేంటండీ, ఫిబ్రవరిలో నలభై రెండుందిగా. మీ కాటా మీదే చూశారు" అంది.

"అడ్మిషన్ నాటి బరువే లెక్కండి. పైగా మామూలు పద్ధతుల్లో తగ్గడానికి ప్రయత్నించి, కుదరకపోతేనే ఆపరేషన్‌కి ఇస్తారు. మీకు కుదిరింది కదా అని రాశారు."

"అది వైద్యం కాదు బాబూ, ఉపవాసం" అన్నాను. "రంజాన్ నెలలో తగ్గుతుంది, తర్వాత మళ్ళీ వచ్చేస్తుంది. ప్రతి ఏడాదీ అంతే. పన్నెండు నెలలూ రంజాన్ ఉండదుగా."

"నాకు తెలుసండి." అతను నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "వచ్చేస్తుందంటున్నారుగా. వచ్చాక రండి మేడమ్, మళ్ళీ పెడదాం."

రుబీనా చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉంది. "షుగర్ అదుపు తప్పితే ఇస్తారని కూడా ఉందిగా?" అని అడిగింది.

"మీది కంట్రోల్లో ఉందండి. చాలా బాగుంది" అన్నాడు అతను, మెచ్చుకుంటున్నట్టు.

ఇంటికొచ్చి బీమా కంపెనీకి నేను ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు రాశాను. ఉపవాసం అంటే ఏమిటో, ఆ నెల తర్వాత ఏమవుతుందో, ఫిబ్రవరి కాగితాలు ఎందుకు చూడాలో, డాక్టరు ఏమన్నారో, అన్నీ వరసగా రాశాను. ఎక్కడా కోపం కనబడనివ్వలేదు. మూడోనాడు జవాబొచ్చింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నామని మొదలై, నలభై అనే అంకె దగ్గర ఆగింది.

ఆ రూలు రాసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననుకోను. స్థూలకాయం జబ్బేనని ఒప్పుకుని, దానికి బీమా ఇవ్వాల్సిందేనని రాయించడానికి ఎవరో ఎక్కడో గట్టిగానే పోట్లాడి ఉంటారు. తలుపైతే పెట్టారు. గుమ్మంలో కాటా కూడా పెట్టారు. ఆ కాటా మీదకి ఎక్కే మనిషి అంతకుముందు ఎంత కష్టపడి వచ్చిందో కాటాకి తెలియదు. కష్టపడనిదానికి తలుపు తీస్తుంది, కష్టపడినదానికి మూస్తుంది.

ఈ మాటలన్నీ మా అత్తయ్యకి చెప్పే ఓపిక నాకు లేదు. "బరువు చాల్లేదన్నారు" అని మాత్రం చెప్పాను.

ఆమె నమ్మలేదు. కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసింది. "దీనికా? బరువు చాల్లేదా?"

"కొంచెంలో పోయిందట" అన్నాడు మా ఆయన.

"కొంచెమేనా? దానికింత బాధేంటి? దూదికి తేమ తగిలితే తూకం పెరగదూ? పొద్దున్నే రెండు బిందెలు నీళ్ళు తాగించి తీసుకెళ్దాం."

"రెండు బిందెలు తాగితే కాటా దాకా పోదమ్మా, బాత్రూం దాకానే పోతుంది" అన్నాడు మా ఆయన.

రుబీనా నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నవ్వడం అదే మొదటిసారి. "నీళ్ళొద్దులే అమ్మా. తినే పెంచుతాను. వచ్చాక రమ్మన్నాడుగా" అంది.

అత్తయ్య ఆ మాట పట్టుకుంది. పండగ తర్వాత ఏటా మేం ఉండే ఆరు ఒక్కపొద్దులు ఈసారి రుబీనాకి వద్దంది. మర్నాటి నుంచి వంటిల్లు ఆమెది. పొద్దున్నే నెయ్యి కారుతున్న పులావు డబ్బాలో పెట్టి స్టేషనుకి పంపేది. సాయంత్రం రైలు దిగేసరికి తొక్కుడు లడ్డూలు, హల్వా. మా ఆయన కొట్టు కట్టేసి గిలకలదిండి రేవుకి వెళ్ళి పండుగప్ప చేప తెచ్చేవాడు. "దీని వేపుడు తింటే గోడ కూడా లావెక్కుతుంది" అనేవాడు. గోడౌన్లో దూది తూచే కాటా ఇంట్లోకి తెచ్చిపెట్టారు. వారానికోసారి రుబీనా దానిమీద నిలబడేది, మేం ముగ్గురం వంగి చూసేవాళ్ళం. ముల్లు పైకి జరిగితే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

మొదట్లో రుబీనా అలవాటు కొద్దీ గోడవైపే కూర్చుంది. నాలుగైదు రోజులకి మా వైపు తిరిగింది. కూర బాగుంటే బాగుందనేది. ఎముక నోట్లో పెట్టుకుని నిదానంగా చప్పరించేది. రెండోసారి అన్నం కావాలని నోరు తెరిచి అడిగేది. ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె అలా తినగా నేను చూడలేదు. ఎంత ఇష్టంగా తినేదో! చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య దమ్ బిర్యానీ చేసింది. కూతురి పక్కనే కూర్చుని, అడుగు నుంచి ముక్కలు ఏరి మరీ వడ్డిస్తోంది.

"నీ చెయ్యి ఇంత ధారాళమని నాకు తెలీదమ్మా" అంది రుబీనా.

అత్తయ్య మురిసిపోయింది. "తల్లి చెయ్యి కదటే."

"మరి చిన్నప్పుడెప్పుడూ ఇలా పెట్టలేదేం?"

అత్తయ్య గరిటె గిన్నెలోనే ఆగింది. "అప్పుడు... నీ మంచికేగా."

"ఇప్పుడూ నా మంచికేగా" అంది రుబీనా. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. కంచం కొంచెం ముందుకి జరిపింది. "ఇంకో గరిటె వెయ్యి."

అత్తయ్య వేసింది. తర్వాత చెయ్యి కడుక్కుని కొట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట నుంచి వండడం ఆమే వండేది గానీ వడ్డించడం మాత్రం నాకు అప్పగించింది. ఎందుకని నేనడగలేదు.

మే నెల దగ్గరపడేసరికి ముల్లు మాకు కావలసిన చోటుకి వచ్చింది. దాంతోపాటు ఇంకా కొన్ని వచ్చాయి. రుబీనా సీసాలకి సీసాలు నీళ్ళు తాగుతోంది. కాళ్ళు మండుతున్నాయంటోంది. గోడ అవతల గురక ఆగితే ఇదివరకటికంటే ఎక్కువసేపు ఆగుతోంది.

"షుగరు చూపించుకుందాం రుబీనా" అన్నాను.

"మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను వదినా. అయినా పెరిగితే మంచిదే. ఈ దారి మూసుకుంటే ఆ దారి తెరుచుకుంటుంది." కళ్ళు మూసుకుని మోకాళ్ళు రాసుకుంది. "కంపెనీలో ఇంకొందర్ని తీసేస్తారట. ఆలోపు అయిపోవాలి."

ఈసారి ఆసుపత్రికి అత్తయ్య కూడా వచ్చింది. నర్సు అంకె చదవగానే అందరూ తిరిగి చూసేలా "అల్హమ్‌దులిల్లాహ్" అంది. నలభైకి పైనే ఉంది. కాగితాలు వెళ్ళాయి. భోజనాల వేళకి సుధాకర్ మెట్లెక్కి తనే పైకొచ్చాడు, మొహమంతా నవ్వు. "అప్రూవలొచ్చేసిందండి! రేపే ఆపరేషను."

రుబీనా నా చెయ్యి పట్టుకుంది. అత్తయ్య ఆ అబ్బాయి తలమీద చెయ్యిపెట్టి దీవించింది.

సాయంత్రం మత్తు ఇచ్చే డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం పట్టుకుని వచ్చింది. మంచం దగ్గర నిలబడే అడిగింది, "ఈ మధ్య ఏం తిన్నావమ్మా నువ్వు?"

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"షుగర్ మూడొందలు దాటింది. ఇలా ఉండగా నేను మత్తు ఇవ్వను. గాయం మానదు, చీము పడుతుంది, ప్రాణం మీదకొస్తుంది. ఇన్సులిన్ రాస్తాను. తిండి కట్టుదిట్టంగా ఉండాలి. రెండు మూడు నెలలు పోయాక చూద్దాం" అని వెళ్ళిపోయింది. ఆమె చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా తప్పని నేననలేను.

కింద డెస్కు దగ్గరికి వెళ్ళాం. సుధాకర్‌కి కబురు ముందే అందింది. ఈ అప్రూవల్ పదిహేను రోజులే ఉంటుందని, తర్వాత మళ్ళీ కొత్తగా పెట్టాలని, మళ్ళీ బరువు చూస్తారని నెమ్మదిగా చెప్పాడు.

"షుగరు తగ్గించుకుని రండి మేడమ్" అన్నాడు. బల్లమీద పెన్ను సరిచేశాడు. "బరువు మాత్రం తగ్గకూడదు."

"ఎలా నాయనా?" అంది అత్తయ్య. "షుగరు తగ్గాలంటే తిండి మానాలి. తిండి మానితే బరువు తగ్గదూ?"

"తగ్గుతుందండి."

"మరి?"

"రూలు అలా ఉందండి."

"పరుపు మెత్తగా ఉండాలి, లోపల దూది మాత్రం ఉండకూడదు అంటే ఎవడు కుడతాడు బాబూ?" అంది మా అత్తయ్య. ఆ అబ్బాయి తల వంచుకున్నాడు. రుబీనా అప్పటికే బయటికి నడుస్తోంది.

మర్నాడు పొద్దున్నే బందరు బస్సెక్కాం. అటూ ఇటూ కోతలైన పొలాలు, మధ్య మధ్య నెర్రెలిచ్చిన రొయ్యల చెరువులు. పామర్రులో బస్సాగగానే రుబీనా బ్యాగు తీసుకుని లేచింది.

"ఎక్కడికే?" అంది అత్తయ్య.

"గుడివాడ వెళ్తాను. మా ఆఫీసు దుర్గాభవాని గదిలో ఉంటాను కొన్నాళ్ళు."

"ఇంటికి రావా? ఇన్సులిన్ ఎవరు చేస్తారు, అన్నం ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడకూడదనే అమ్మా." రుబీనా సీటు పట్టుకుని నిలదొక్కుకుంది. "ఇంటికొస్తే నాకు పెట్టాలో ఆపాలో నీకు తెలీదు. తినాలో మానాలో నాకు తెలీదు. నా కంచం ముందు నన్నొక్కదాన్నే వదిలెయ్యండి, ఏమవుతుందో చూస్తాను."

ఆమె పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతుంటే కండక్టరు, "తొందరగా కానివ్వమ్మా. నువ్వు దిగితే బస్సు తేలికపడి ఎగురుతుంది" అన్నాడు. ముందు సీట్లవాళ్ళు నవ్వారు. అత్తయ్య చివాలున లేచింది. లేచి ఏదో అనబోయి, అనలేక, మళ్ళీ కూర్చుంది. అలాంటి మాటలన్నీ ఆమె ఇంట్లో ఎప్పుడో అనేసి ఉంది.

తర్వాత రుబీనా ఇంటికి రాలేదు. తల్లి ఫోన్ చేస్తే బాగున్నానని చెప్పి పెట్టేసేది. నాకు మాత్రం ఆదివారాలు తనే చేసేది. దుర్గాభవాని ఇన్సులిన్ వెయ్యడం నేర్చుకుందని, ఇద్దరూ రాగిజావ కాచుకుంటున్నారని చెప్పేది. ఇంట్లో కాటాని మా ఆయన మళ్ళీ గోడౌన్లో పెట్టేశాడు. బక్రీద్ దగ్గరపడుతున్నా ఏం వండాలన్న మాట ఎవరూ ఎత్తలేదు.

పండగకి రెండు రోజులుందనగా పగటిపూట ఫోనొచ్చింది.

"వదినా, పొద్దున్న పరగడుపున షుగరు చూశాను. నూట ఇరవై."

"మంచిమాట చెప్పావు."

"స్టేషన్ దగ్గర కాటా కూడా ఎక్కాను." రైలు వెళ్తున్న చప్పుడు వినబడింది. అది పూర్తిగా వెళ్ళేదాకా ఆగింది. "తొంభై నాలుగు."

ఆమె ఎత్తుతో ఆ అంకె మనసులోనే లెక్క కట్టుకున్నాను. రంజాన్ అయినప్పటికంటే తక్కువ. నలభైకి ఇంకా దూరం.

"వింటున్నావా?"

"వింటున్నాను."

"ఊపిరి అలాగే ఆగుతోందట, దుర్గాభవాని చెప్పింది. ఆ అమ్మాయికి పాపం నిద్ర ఉండటం లేదు. ఈ నెల తీసేసినవాళ్ళలో నేను లేను. వచ్చే నెల సంగతి తెలీదు. ఉంటాను వదినా, ఆఫీసుకి వేళైంది."

మా అత్తయ్య కొట్లో పరుపు మీద వంగి ముడులు వేస్తోంది. నేను గుమ్మంలోకి రాగానే సూది గుడ్డలోకి గుచ్చి తలెత్తింది.

"రుబీనాయేనా? షుగరెంతట?"

"తగ్గింది అత్తయ్యా. బాగా తగ్గింది."

"బరువో?"

"అదీ తగ్గింది."

కూతురు పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ ప్రతి నమాజు తర్వాతా చేతులు చాచి ఆమె అడుక్కున్నది ఈ ఒక్క మాటే.

"అయ్యో" అంది మా అత్తయ్య. "అయ్యో, మళ్ళీ తగ్గిందా!"